కవరు పారేయకండి

రాయచూరు, మాన్వి, లింగసుగూరు, సింధనూరు వైపు పాత ఇళ్లలో అటక మీద నల్ల ట్రంకుపెట్టె కనబడితే, దాని మూత ఒకసారి తుడిచి చూడండి. తెల్ల రంగుతో రాసిన నంబరు, పేరు, పటాలం గుర్తు బయటపడితే అది సైన్యంలో పనిచేసిన మనిషి పెట్టె. ఆ మనిషి పోయాక ఇంట్లో జరిగేది దాదాపు ఒకటే. మెడల్స్ పెద్దకొడుకు తీసుకుంటాడు. ఆఫీసరు పక్కన నిలబడి దిగిన ఫొటో గోడకెక్కుతుంది. ఉత్తరాల కట్ట మాత్రం కొన్నేళ్లు అలాగే పడుండి, పాత ఇల్లు తీసి కొత్తది కట్టేటప్పుడు పాత పేపర్లతో కలిసి తూకానికి పోతుంది.

ఈ అధ్యాయం ఆ కట్ట కోసం రాస్తున్నాను. యుద్ధకాలపు ఉత్తరాలు, సైనికాధికారులు సంతకం పెట్టిచ్చిన ఫొటోలు సేకరించాలని ముచ్చటపడేవాళ్లు మనలో ఉన్నారు. ముచ్చట మంచిదే. మొదలుపెట్టే ముందు ఒక్క మాట మనసులో గట్టిగా నాటుకోవాలి. ఎవరు రాశారు, ఎవరికి రాశారు, ఏ పటాలం నుంచి, ఏ రోజున, ఎవరింటి నుంచి మీ దాకా వచ్చింది అనే వివరం తోడు లేకపోతే, ఎంత పెద్ద జనరల్ సంతకమైనా అది తల్లిదండ్రులు తెలియని కాగితమే. సేకరణకర్త చేయాల్సిన అసలు పని ఆ వివరాన్ని కాగితానికి అంటిపెట్టి ఉంచడం. డబ్బుతో కాగితం కొనొచ్చు, వివరం కొనలేం. దాన్ని ఓపికగా అడిగి, విని, రాసుకోవాలి.

వ్యక్తిత్వ వికాసం పుస్తకంలో ఈ సంగతి ఎందుకని కొందరికి అనిపించవచ్చు. ఎదుటివాళ్లు చెప్పేది చివరిదాకా వినడం, తెలియనిదాన్ని తెలియదని రాసిపెట్టడం, మొదలుపెట్టిన పనిని జాబితా పూర్తయ్యేదాకా వదలకపోవడం ఉపన్యాసాలతో వచ్చే గుణాలు కావు. ఇలాంటి పని చేస్తూ ఉంటే వస్తాయి. ఇంట్లో వయసు మీదపడిన పెద్దవాళ్లతో కూర్చోవడానికి సాకు వెతుక్కుంటున్న పిల్లలకు ఇంతకంటే మంచి సాకు నాకు తోచలేదు.

రాయచూరు గోడలో ఉన్న పాఠం

రాయచూరు కోట పడమటి గోడలో 41 అడుగులకు పైగా పొడవున్న రాతిపలక ఒకటి ఉంది. కాకతీయుల కాలంలో గోన గన్నారెడ్డి కింద పనిచేసిన విఠలనాథుడు ఈ కోట కట్టించినట్టు 1294 నాటి శాసనం చెబుతుంది. ఆ మహాశిలను బండి మీదకెక్కించి దున్నపోతుల బారుతో లాక్కొస్తున్న దృశ్యాన్ని కూడా అక్కడే రాతి మీద గీశారు. అధికారి పేరు, సంవత్సరం, పని జరిగిన తీరు మూడూ ఒకే గోడ మీద ఉన్నాయి. ఏడువందల ఏళ్ల తర్వాత కూడా చూసినవాడికి ఎవరినీ అడగాల్సిన అవసరం లేకుండా విషయం తెలుస్తోంది. మనం కాగితాలతో చేయాల్సిందీ సరిగ్గా అదే.

ఇంకో ఉదాహరణ 1520 నాటి రాయచూరు యుద్ధం. శ్రీకృష్ణదేవరాయలు ఇస్మాయిల్ ఆదిల్‌షా సేనను ఓడించి ఈ కోట పట్టుకున్న వైనం ఇంత వివరంగా మనకు తెలియడానికి ప్రధాన ఆధారం ఫెర్నావ్ నూనిజ్ అనే పోర్చుగీసు గుర్రాల వర్తకుడి రాతలు. ఆ రాతప్రతి పారిస్ గ్రంథాలయంలో శతాబ్దాలపాటు పడి ఉంది. 1897లో పోర్చుగీసులో అచ్చయింది. 1900లో రాబర్ట్ స్యూయెల్ దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చాడు. సేకరణకర్తలు గుర్తుంచుకోవాల్సిన విషయం ఇందులో వేరే ఉంది. ఈ రాతలను గోవా నుంచి పోర్చుగల్‌కు పంపినవాడు జతగా ఒక ఉత్తరం పెట్టాడు. అందులోని రెండు కథనాలు రాసినవాళ్లు డొమింగో పేస్, నూనిజ్ అని మనకు తెలిసింది ఆ ఉత్తరం వల్లే. ఆ ఒక్క కాగితం ఎవరైనా చించి పారేసి ఉంటే మన చరిత్ర పుస్తకాల్లో ఆ ఇద్దరి పేర్లూ ఉండేవి కావు.

ఈ జిల్లాలో యుద్ధకాలపు కాగితాలు దొరకడానికి కారణాలు చాలా ఉన్నాయి. లింగసుగూరులో హైదరాబాద్ కంటింజెంట్ దండు విడిది ఉండేది. 1871లో బొంబాయి వైపు నుంచి వచ్చిన రైలుమార్గం, మద్రాసు వైపు నుంచి వచ్చిన మార్గం కలిసింది రాయచూరులోనే, కాబట్టి టపా సంచులకు ఇది పెద్ద కూడలి. 1948 సెప్టెంబరు దాకా ఇది నిజాం రాజ్యం. 1956లో రాయచూరు మైసూరు రాష్ట్రంలో కలిసినప్పుడు గద్వాల, ఆలంపురం తాలూకాలు ఆంధ్రప్రదేశ్‌కు వచ్చాయి. దాంతో ఒకే కుటుంబం కాగితాలు రాష్ట్ర సరిహద్దుకు ఇటూ అటూ చీలిపోయాయి. తుంగభద్ర డ్యామ్ కట్టాక ఎడమ కాలువ కింద సింధనూరు, మాన్వి ప్రాంతాలకు వచ్చి క్యాంపులు కట్టుకున్న కోస్తా రైతుల సంగతి సరేసరి. పశ్చిమ గోదావరిలో మిలటరీ మాధవరం లాంటి ఊళ్లున్న నేల నుంచి వచ్చినవాళ్ల సామానులో మద్రాస్ రెజిమెంట్, మద్రాస్ సాపర్స్ కాగితాలు ఉండే అవకాశం ఎక్కువ.

ఒక కవరును దగ్గరగా చూద్దాం

ఉత్తరం చదివి, దాన్ని భద్రంగా దాచి, కవరును చెత్తలో వేయడం అందరూ చేసే పొరపాటు. సైనికుడి ఉత్తరం విషయంలో సగం సమాచారం కవరు మీదే ఉంటుంది. రెండో ప్రపంచయుద్ధం నాటి కవరు ఒకటి మీ చేతికొచ్చిందనుకోండి. పై భాగాన స్టాంపు ఉండకపోవచ్చు. దాని చోట 'ఆన్ యాక్టివ్ సర్వీస్' అని చేత్తో రాసి ఉంటుంది. రణరంగంలో ఉన్నవాళ్లకు తపాలా ఉచితంగా పోయేది. టపా ముద్రలో ఊరి పేరు ఉండదు, ఎఫ్.పి.ఓ. అనే అక్షరాలు, ఒక నంబరు మాత్రం ఉంటాయి. పటాలం ఎక్కడుందో శత్రువుకు తెలియకూడదని చేసిన ఏర్పాటు అది. ఏ నంబరు ఫీల్డ్ పోస్టాఫీసు ఏ నెలలో ఎక్కడ పనిచేసిందో చెప్పే జాబితాలు తపాలా చరిత్ర పరిశోధకుల దగ్గర ఉన్నాయి. తేదీ, నంబరు రెండూ కలిస్తే మీ తాత ఆ వారం అరకాన్ కొండల్లో ఉన్నాడో, ఈజిప్టు ఎడారిలో ఉన్నాడో తేలిపోతుంది.

ఇప్పుడు కవరు ఎడమవైపు కింది మూల చూడండి. అక్కడ చిన్నగా, తొందరలో గీకినట్టు ఒక సంతకం ఉండొచ్చు. పక్కనో పైనో సెన్సారు ముద్ర ఉంటుంది. జవాన్ల ఉత్తరాలను పటాలంలోని ఆఫీసరే చదివి, అభ్యంతరం లేదని కవరు మీద సంతకం పెట్టి పంపేవాడు. ఆ రోజు లెఫ్టినెంటుగానో కెప్టెన్‌గానో ఈ పని చేసిన కుర్రవాళ్లలో కొందరు తర్వాత మేజర్లు, జనరల్స్ అయ్యారు. పెద్ద అధికారుల సంతకాల కోసం వేలంపాటల చుట్టూ తిరిగేవాళ్లు తమ ఇంటి అటక మీదున్న కవరు మూలను ఎప్పుడూ చూసి ఉండరు. కొనుగోలుదారు కోసం స్టాంపు కత్తిరించి అమ్ముకున్న కవర్లను చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. కత్తెర పడితే ముద్ర పోతుంది, ముద్ర పోతే తేదీ పోతుంది, తేదీ పోతే ఆ ఉత్తరం ఏ యుద్ధంలోదో కూడా చెప్పలేం.

మొదటి ప్రపంచయుద్ధం విషయంలో సెన్సారు చేసిన మేలు ఒకటుంది. ఫ్రాన్స్‌లో ఉన్న భారతీయ సైనికుల ఉత్తరాలను అప్పటి సెన్సారు ఆఫీసు తెరిచి, కొన్ని భాగాలు అనువదించి నివేదికల్లో చేర్చింది. అవి ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. వాటిలోంచి ఏరి డేవిడ్ ఓమిస్సీ 1999లో ఒక సంకలనం తెచ్చాడు. 20వ డెక్కన్ హార్స్ సవార్లు రాసినవి కూడా అందులో ఉన్నాయి. 1916 జూలైలో సోమ్ యుద్ధంలో ఆ గుర్రపు దళం పాల్గొంది. మూల ఉత్తరాలు చాలావరకు ఏ ఊళ్లో ఏమయ్యాయో ఎవరికీ పట్టలేదు. సెన్సారు గుమాస్తా ఎత్తి రాసుకున్న ముక్కలే మనకు మిగిలాయి.

నిజాం రాజ్యంలో ఇంకో ఆనవాలు ఉంది. నిజాం సర్కారుకు సొంత టపా, సొంత స్టాంపులు ఉండేవి. అవి రాజ్యం లోపలే చెల్లేవి. బయటికి వెళ్లే ఉత్తరానికి బ్రిటిష్ ఇండియా స్టాంపు కావాలి. కాబట్టి స్టాంపు చూసే ఉత్తరం ప్రయాణం ఎటో ఊహించవచ్చు. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక నిజాం సర్కారు ఇంటికి తిరిగొచ్చే సైనికుడి బొమ్మతో ఒక అణా స్టాంపు వేసింది. అది అంటించిన కవరు దొరికితే స్టాంపు ఊడదీయకండి, మొత్తం కవరుగానే ఉంచండి.

1971 యుద్ధం నాటి కవర్లకు కూడా ఆనవాలు ఉంది. ఆ ఏడాది నవంబరు 15 నుంచి శరణార్థుల సహాయానికి అయిదు పైసల అదనపు పన్ను వేశారు. ఆ స్టాంపు ఉంటే కవరు తేదీ దానికి ముందుది కాదు. 56 ఏపీవో, 99 ఏపీవో అని ఉన్నవి సైన్యం టపా చిరునామాలు. పిన్ కోడ్ వచ్చింది 1972 ఆగస్టు 15న. ఆరంకెల పిన్ కోడ్ రాసి ఉన్న కవరును 1971 యుద్ధం నాటిదని ఎవరైనా అమ్మజూపితే నమస్కారం పెట్టి వచ్చేయండి.

పేరొకటే, పటాలాలు రెండు

మన ప్రాంతపు కాగితాల్లో అందరూ తడబడే చోటు ఒకటుంది, కాస్త నెమ్మదిగా చదవండి. 'హైదరాబాద్' అని కనబడగానే నిజాం సైన్యం అనుకోకూడదు. నిజాం సొంత బలగాల్లో 1వ హైదరాబాద్ ఇన్‌ఫాంట్రీ, హైదరాబాద్ లాన్సర్స్ లాంటివి ఉండేవి. ఇవి కాక భారత సైన్యంలో 19వ హైదరాబాద్ రెజిమెంట్ అని వేరే ఉండేది. పాత కంటింజెంట్ పటాలాలు 1903లో భారత సైన్యంలో కలిశాక, 1922లో ఆ పేరుతో ఏర్పడింది. 1945లో దానికే కుమావూన్ రెజిమెంట్ అని పేరు మార్చారు. దాని కేంద్రం ఇప్పుడు రాణీఖేత్‌లో ఉంది.

చిక్కెక్కడంటే రెండూ ఒకే యుద్ధంలో, ఒకే దేశంలో ఉన్నాయి. నిజాం వారి 1వ హైదరాబాద్ ఇన్‌ఫాంట్రీ 1941 డిసెంబరులో మలయాలోని కోటాబారు విమానాశ్రయం దగ్గర జపాన్ దాడిని ఎదుర్కొంది. భారత సైన్యపు 4/19 హైదరాబాద్ 1942 జనవరిలో స్లిమ్ నది దగ్గర దెబ్బతింది. ఫిబ్రవరి 15న సింగపూర్ లొంగిపోయాక ఈ రెండు పటాలాల వాళ్లూ యుద్ధఖైదీలయ్యారు. 'మలయా, హైదరాబాద్' అని మాత్రమే రాసి పెట్టుకుంటే మీ జాబితా తప్పుదారి పట్టిస్తుంది. పటాలం పూర్తి పేరు, ముందున్న అంకెలతో సహా, ఉన్నది ఉన్నట్టు ఎక్కించండి. 4/19కీ 8/19కీ మధ్య యుద్ధరంగమే మారిపోతుంది. 8/19 హైదరాబాద్ అరకాన్‌లో పోరాడింది. అక్కడ దాన్ని నడిపినవాడు తర్వాత సైన్యాధిపతి అయిన కె.ఎస్. తిమ్మయ్య. 1947 నవంబరు 3న కాశ్మీరులో ప్రాణమిచ్చి తొలి పరమవీరచక్ర పొందిన మేజర్ సోమనాథ్ శర్మ కూడా ఆ పటాలం మనిషే.

పేరు, నంబరు తెలిసిన సైనికుడు యుద్ధంలో మరణించి ఉంటే, కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ జాబితాలో ఉచితంగా వెతకవచ్చు. భారతీయ సైనికుల పేర్ల పక్కన చాలాచోట్ల తండ్రి పేరు, ఊరు కూడా ఉంటాయి. సమాధి దొరకనివాళ్ల పేర్లు మలయా, సింగపూర్ వైపైతే క్రాంజి స్మారకం మీద, బర్మా వైపైతే తౌక్యాన్‌లోని రంగూన్ స్మారకం మీద చెక్కారు. తన తాత పేరు సముద్రం అవతల రాతి మీద ఉందని తెలియని మనవలు మన పల్లెల్లో ఉండొచ్చు. వాళ్లకు ఆ సంగతి చెప్పగలగడం కన్నా ఈ పనిలో పెద్ద సంతోషం లేదు.

సంతకం పెట్టిన ఫొటో నిజమైనదేనా

ముందు ఫొటో వెనక్కి తిప్పండి. స్టూడియో ముద్ర, పెన్సిల్ రాత, ఆల్బమ్ నుంచి పీకిన జిగురు మచ్చ అన్నీ సాక్ష్యాలే. సికింద్రాబాద్ రాజా దీన్‌దయాళ్ స్టూడియో లాంటివి అట్ట మీదే పేరు ముద్రించేవి. ఆ తర్వాత పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం పట్టుకుని సంతకం చూడండి. నిజమైన సిరా ఫొటో ఉపరితలం మీద కూర్చుని ఉంటుంది, ఏటవాలు వెలుగులో వేరే మెరుపుతో కనిపిస్తుంది. సంతకం గీతలు చుక్కలు చుక్కలుగా విడిపోతే అది అచ్చు. ప్రముఖుల ఫొటోలు సంతకంతో సహా అచ్చువేసి పంచడం మామూలే, వాటిలో మోసమేమీ లేదు. అచ్చును అసలుగా అమ్మడమే మోసం.

కాలం లెక్క అన్నిటికన్నా గట్టి పరీక్ష. బాల్‌పాయింట్ పెన్ను అమెరికా దుకాణాల్లోకి వచ్చిందే 1945 అక్టోబరులో. '1942, బర్మా' అని బాల్‌పెన్నుతో రాసి ఉంటే ఆ రాత తర్వాత చేరిందన్నమాట. మేజర్లు, కల్నళ్ల భుజాల మీద 1950 జనవరి 26 దాకా కిరీటం గుర్తు ఉండేది. గణతంత్రం వచ్చాక ఆ చోట మూడు సింహాలు వచ్చాయి. 1948 హైదరాబాద్ పోలీసు చర్యలోదని చెప్పే ఫొటోలో కల్నల్ భుజం మీద సింహాలుంటే దాని తేదీ తప్పు. హోదా కూడా చూడాలి. ఆ చర్యకు నాయకత్వం వహించి సైనిక గవర్నరైన జె.ఎన్. చౌధురి అప్పుడు మేజర్ జనరల్. సైన్యాధిపతి అయింది 1962లో. సామ్ మానెక్‌షా ఫీల్డ్ మార్షల్ అయింది 1973 జనవరిలో, కరియప్పకు ఆ హోదా వచ్చింది 1986లో. 1971 డిసెంబరు తేదీ వేసి ఫీల్డ్ మార్షల్ అని సంతకం చేసి ఉంటే ఆలోచించాల్సిందే. అయితే పాత ఫొటో మీద తర్వాతెప్పుడో సంతకం పెట్టించుకోవడం కూడా మామూలే. ఫొటో తీసిన తేదీ, సంతకం చేసిన తేదీ వేర్వేరు గళ్లలో రాయండి.

చౌకగా దొరికే సాధనం ఇంకొకటి, నోట్లు పరీక్షించే అతినీలలోహిత టార్చి. 1950 ప్రాంతం నుంచి కాగితాలు తెల్లగా మెరవడానికి కొన్ని రసాయనాలు కలపడం మొదలైంది. చీకటి గదిలో టార్చి వేస్తే అలాంటి కాగితం నీలితెలుపుగా వెలుగుతుంది. యుద్ధకాలపు కాగితం, ఫొటో అట్ట మందకొడిగా ఉండిపోతాయి. అలా వెలిగే కాగితం మీద 1944 అని ఉంటే కొనకండి.

ఫొటో మీద ఎవరి పేరైనా రాసి, 'ఫలానా సుబేదారుకు శుభాకాంక్షలతో' అని ఉంటే బజారులో ధర తగ్గిస్తారు. నా దృష్టిలో అది తలకిందుల లెక్క. జనరల్ జీవితం పుస్తకాలకెక్కింది. ఆ సుబేదారు గురించి లోకంలో మిగిలిన ఒకే ఒక్క రాత ఆ ఫొటో మీదిది కావచ్చు. అలాంటిదే ముందు తీసుకోండి.

ఇంటికి వెళ్లినప్పుడు

మొదటిరోజు అమ్ముతారా అని అడగొద్దు. ఆ మాటతో తలుపు మూసుకుపోతుంది. పాత రాయచూరు తెలుగిళ్లలో "అవ్వా, తాత పటాలంలో ఉన్నప్పటి సంగతి చెప్పవా" అని కూర్చోండి. క్యాంపుల్లో అయితే "మామ్మగారూ" అంటే మనసు విప్పుతారు. పెట్టె దించినప్పుడు కట్ట ముడి మీరు విప్పకండి, ఇంటివాళ్లనే విప్పనివ్వండి. ఏ ఉత్తరం మీద ఏది ఉందో ఆ వరుస చెదరకుండా ముందు ఫోనుతో ఫొటో తీయండి. పెట్టె మూత మీద నంబరు ఫొటో కూడా తీయండి, రికార్డు ఆఫీసుకు వారసులు రాయాలంటే ఆ నంబరే ఆధారం.

అసలు కాగితం ఇంటి గడప దాటించకుండా అక్కడే స్కాన్ చేయడం నా సలహా. ఇంటి పేరు, చెప్పినవారి పేరు, తేదీ ఒక పుస్తకంలో రాయండి. మళ్లీ వెళ్లినప్పుడు ప్రతుల కట్ట ఒకటి చక్కగా అచ్చు తీయించి వాళ్ల చేతిలో పెట్టండి. అప్పుడు వాళ్లే ఇంకో రెండిళ్లు చూపిస్తారు. దినుసుల వ్యాపారిలా వచ్చినవాడికి ఎవరూ ఇలాంటివి చూపించరు.

చదివించడం వేరే పని. రెండో ప్రపంచయుద్ధంలో సైన్యం జవాన్లకు రోమన్ ఉర్దూ నేర్పింది. అక్షరాలు ఇంగ్లీషువి, మాట హిందుస్తానీ. ఇంగ్లీషు అనుకుని పక్కన పెట్టేసిన ఉత్తరాలను బిగ్గరగా చదివి చూడండి, అర్థం బయటికి వస్తుంది. నిజాం కాలపు కాగితాల మీద తేదీలు ఫసలీలో ఉంటాయి. ఆ సంఖ్యకు 590 గానీ 591 గానీ కలిపితే మన సంవత్సరం వస్తుంది. ఫసలీ ఏడాది అక్టోబరులో మొదలవుతుంది కాబట్టి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా 590, జనవరి నుంచి 591. ఆ లెక్కన 1357 ఫసలీ చివరి నెలలో జరిగింది 1948 సెప్టెంబరు పోలీసు చర్య.

1948 ఉత్తరాలను చాలా జాగ్రత్తగా చూడాలి. వాటిలో పేర్లుంటాయి, నిందలుంటాయి, ఇళ్లు వదిలి పోయినవాళ్ల సంగతులుంటాయి. రెండు వైపులా గాయపడ్డవాళ్ల మనవలు ఇవాళ ఒకే వీధిలో ఉంటున్నారు. అలాంటివి స్కాన్ చేయండి, భద్రపరచండి, కుటుంబం ఒప్పుకోనిదే సెల్‌ఫోనులో ఎవరికీ పంపకండి.

ఎండ, దుమ్ము, చెద

రాయచూరు వేసవి కాగితానికి శత్రువు. పైగా శక్తినగర్ థర్మల్ విద్యుత్ కేంద్రం చుట్టుపక్కల బూడిద దుమ్ము తోడవుతుంది. పడమటి గోడకు ఆనించిన ఇనుప బీరువా మే నెలలో పొయ్యిలా వేడెక్కుతుంది. ఇంటి మధ్యగదిలో, బయటిగోడకు తగలని చోట, నేలకు జానెడు ఎత్తులో పెట్టెను ఉంచండి. ఉత్తరాలు మడత విప్పి ఆమ్లం లేని కాగితపు తొడుగుల్లో చదునుగా పెట్టాలి. మడత దగ్గర పగులుతున్నట్టుంటే బలవంతాన విప్పొద్దు, తెలిసినవాళ్లకు చూపించండి. లామినేషన్ వద్దేవద్దు, ఒకసారి చేస్తే తిరిగి తీయలేం. సెల్లోటేపు పసుపెక్కి అక్షరాలను తినేస్తుంది. గుర్తులు రాయాలంటే వెనకవైపు మెత్తటి పెన్సిలుతో, తేలిగ్గా రాయండి. జిగురు పేజీల ఆల్బమ్‌లో ఫొటోలు పెట్టకండి. ఏడాదికి రెండుసార్లు పెట్టె తెరిచి చెద, తేమ చూసుకోండి.

స్కాన్ చేసేటప్పుడు ఉత్తరాలకు 300, ఫొటోలకు 600 డీపీఐ పెట్టుకోండి. ముందు, వెనక, కవరు రెండు వైపులా, అంచులు కత్తిరించకుండా తీయాలి. ఒక ప్రతి మీ దగ్గర, ఒకటి ఆ కుటుంబం దగ్గర, ఒకటి వేరే ఊళ్లో ఉన్న బంధువు దగ్గర ఉంటే చాలు.

కొనేటప్పుడు

హైదరాబాద్ జుమ్మేరాత్ బజారులో, ఆబిడ్స్ ఆదివారం పుస్తకాల బాటలో పాత ఆల్బమ్‌లు వస్తుంటాయి. కట్టగా వచ్చినదాన్ని కట్టగానే కొనండి. జనరల్ ఫొటో ఒక్కటే లాగేసి మిగతావి వదిలేస్తే ఒక కుటుంబం కథను చెదరగొట్టినవాళ్లమవుతాం. ఆఫీసు ముద్ర గానీ గ్రంథాలయం ముద్ర గానీ ఉన్న కాగితం జోలికి పోవద్దు. యుద్ధ పటాలు, ఆపరేషన్ ఆదేశాలు కనబడితే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగండి.

1972 పురావస్తు చట్టం ప్రకారం చారిత్రక విలువున్న రాతప్రతులకు 75 ఏళ్లు, ఇతర వస్తువులకు 100 ఏళ్లు నిండితే పురావస్తువులవుతాయి. వాటిని అనుమతి లేకుండా దేశం దాటించకూడదు. విదేశీ కొనుగోలుదారు ఎంత ఆశ చూపినా ఆ దారి పట్టకండి. ఇంకోటి, కాగితం మీదైనంత మాత్రాన అందులోని రాతను అచ్చువేసే హక్కు మీది కాదు. అది రాసినవాళ్లది, వాళ్ల తర్వాత వారసులది. పుస్తకం వేయాలనుకుంటే వారసుల అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి.

నిజాం కాలంలో ఉర్దూ మీడియంలో చదువుకుని, ఫసలీ తేదీలు, పాత చేతిరాత గడగడా చదవగలిగిన పెద్దలు మన మధ్య ఇంకా కొందరున్నారు. 1948లో పదేళ్లున్నవాళ్లకు ఇప్పుడు ఎనభై అయిదు దాటింది. వాళ్లలో ఎవరైనా మీ ఇంట్లో గానీ, వీధిలో గానీ ఉంటే, ఈ పుస్తకం మిగతా అధ్యాయాలు తర్వాత చదువుకోవచ్చు. ఈ ఆదివారమే ఆ పెట్టె దించి, ఫోనులో రికార్డింగ్ పెట్టి, వాళ్ల పక్కన కూర్చోండి.